సంసారాలు చక్కదిద్దేవారికి అర్హత అక్కర్లేదా?

మండీబజారులో ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి. యునాని హకీముకు సైతం ప్రభుత్వ రిజిస్టరులో పేరుండాలి. విడిపోబోయే భార్యాభర్తలకు సలహాలిస్తామని 'ఫ్యామిలీ కౌన్సెలింగ్' బోర్డు కట్టడానికి మాత్రం మన దేశంలో ప్రత్యేకించి ఏ లైసెన్సూ లేదు! క్లినికల్ సైకాలజిస్టులకైతే 1992 నాటి చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా 1963లోనే దంపతుల కౌన్సెలర్లకు లైసెన్సు పెట్టింది.

షరీఅత్ ఈ సంగతిని గాలికొదల్లేదు. సూరె నిసా 35వ ఆయత్ భర్త తరఫున ఒకరిని, భార్య తరఫున ఒకరిని మధ్యవర్తులుగా నిలపమంటోంది. తలాఖ్‌కు ముందు ఈ రాజీ ప్రయత్నం జరిగి తీరాలని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టూ చెప్పింది. మరి మన పంచాయితీల్లో జరుగుతున్నదేమిటి? గొంతు పెద్దదైనవాడే పెద్దమనిషి. అమ్మాయి పక్షాన మాట్లాడే మనిషే ఉండడు. దెబ్బల సంగతి అడిగే నాథుడు లేడు. "సబర్ కరో బేటీ" అని సాగనంపుతారు. ఆయత్‌లో సగం ఎటు పోయినట్టు?

మదరసాలో ఫిఖహ్ చదివిన మేము తలాఖ్ మసాయిల్ చెప్పగలం. నెలల తరబడి నిద్రపట్టని మనసుకు మందు చెప్పలేం. ఆ విద్య వేరు. 1984 చట్టం ఫ్యామిలీ కోర్టులకు కౌన్సెలర్లనిచ్చింది. మన మస్జిద్ కమిటీలు కూడా శిక్షణ పొందిన ఒక్క మహిళనైనా పంచాయితీలో కూర్చోబెట్టాలి. బోర్డు చూసి వెళ్ళేవారు ఫీజు కట్టకముందే అడగాలి: "తమరేం చదివారు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"