చల్క నేలకు రుణం: అడుగుపొర మాటేమిటి?

తెలంగాణ మెరక పొలాలలోని చల్క నేలను మన రుణ దరఖాస్తులు ‘ఎర్రనేల’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుచున్నవి. పైపొరలో ఇసుక పాలు ఎక్కువ. జానెడు లోతు దాటిన పిదప బంకమన్ను హెచ్చుతుంది. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ క్షేత్రంలోని ఎర్రనేలలూ ఈ కోవలోనివే. తొలకరికి దున్నుట సులభమే గాని, వాన వెలిసి ఎండ కాయగానే పైపొర అట్టకట్టి మొలకను అణచివేస్తుంది. పదును ఎక్కువ నాళ్లు నిలువదు. బెట్ట రోజులలో పైరును కాపాడునది అడుగున బంకపొర పట్టి ఉంచిన తేమయే. లోతుకు వేరు పంపగల కంది, ఆముదం అందుకే తట్టుకొనగలవు. అయితే ఆ పొర మరీ గట్టిదైతే వేరు దిగదు, పలుచనిదైతే తేమ చాలదు.

2015లో ఆరంభమైన భూసార ఆరోగ్య కార్డు 12 అంశాలను తెలుపుతుంది. మంచిదే. కాని నమూనా తీయునది 15-20 సెంటీమీటర్ల లోతు నుండి మాత్రమే. బంకపొర మందమెంతో అందులో కానరాదు. నల్గొండ ప్రాంతపు బత్తాయి తోట వంటి, కాపునకు ఏళ్లు పట్టు పెట్టుబడికి ఆ మందమే కీలకమని మా అభిప్రాయం. దీర్ఘకాలిక రుణం మంజూరుకు పూర్వం పొలంలో రెండు మూడు చోట్ల మీటరు లోతు గుంట తీయించి, క్షేత్రాధికారి స్వయంగా చూచి, పొరల వివరం తనిఖీ నివేదికలో వ్రాయవలెను. ఇందుకగు కూలి ఖర్చును రైతుపై మోపరాదు.