గంజి ఆగిపోయాక వచ్చినవాళ్లు

ధాత కరువు 1876లో మొదలై రెండేళ్లకు పైగా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో పొలమూ లేదు, గాదె కూడా లేదు. ఆసామి కొలిచే గింజలే ఆధారం. ఆసామి గాదె అడుగంటేసరికి పల్లెలో పొయ్యి ఆరిపోయింది.

అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ యువకుడిగా ఉన్నప్పుడు సర్వే పని చేసినవాడు. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. పల్లెల్లో తిరిగే తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. మధ్యాహ్నం పలుగూ పారా పక్కనపెట్టిన వేళ వాళ్లు కూలీల మధ్య కూర్చుని సువార్త చెప్పేవారు. బాప్తిస్మం అడిగినవాళ్లు ఎందరో. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు.

గంజి కోసం మతం పుచ్చుకున్నారని ఈ జనాన్ని నేటికీ తేలిగ్గా తీసిపారేసేవారు ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

1878 నడిమికి సాయం డబ్బు అయిపోయింది. ఇక ఇచ్చేదేమీ లేదని క్లౌ కబురు చేశాడు. అయినా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి తరలివచ్చారు. తమకు డబ్బు అక్కర్లేదని, బాప్తిస్మం చాలని పట్టుబట్టారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఆ ఏట్లో బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఇంటికి తిరిగి వెళ్లాక వాళ్లకు ఒరిగిందేమిటి? సంఘంలో చేరినవాళ్లు ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం ముట్టకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు పెద్దలు పగబట్టారు, బావి దగ్గరికి రానివ్వలేదు. కష్టం తీరకపోగా కొత్తది వచ్చిపడింది. అయినా వాళ్లు వెనక్కి పోలేదు. తరతరాలుగా పైవాళ్లు పెట్టిన బతుకు బతికినవాళ్లకు, దేవుడి ముందు తామూ మనుషులమేనన్న నమ్మకం దొరికింది. ఏది తినాలో, ఎవరికి మొక్కాలో తామే తేల్చుకున్నారు. వెల్లంపల్లిలో బాప్తిస్మం పొందినవాళ్ల సంతోషం ఆ నమ్మకంలోంచే పుట్టింది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ మాదిగ పెద్దల కథలున్నాయి. వాళ్లలో కొందరు అంతకుముందే యోగుల దగ్గర ఉపదేశం తీసుకుని దేవుణ్ణి వెతుక్కున్నవాళ్లు.

ఈ మధ్య మాత్రం కొన్ని క్రైస్తవ సభల్లో ఉద్యోగాన్నీ వీసానూ విశ్వాసానికి దక్కే బహుమానాలుగా ప్రకటిస్తున్నారు. అవి రానివాళ్లు తమ విశ్వాసమే చాలలేదేమోనని కుమిలిపోతున్నారు. ఇది అన్యాయం. సంతోషించండని మళ్లీ మళ్లీ చెప్పే ఫిలిప్పీ పత్రికను పౌలు సంకెళ్లలో ఉండి రాశాడు.

క్లౌ పేరు సంఘాల్లో ఎలాగూ వినిపిస్తుంది. తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లోనే బాప్తిస్మం పొందారు. కరువుకు పదేళ్ల ముందే తమవాళ్ల మధ్య తిరిగి సువార్త చెప్పారు. వాళ్ల పేర్లు కూడా ఆదివారం ప్రసంగాల్లో పిల్లల చెవిన పడాలి.