కుంచం తలకింద పెట్టుకున్న ఊరు

తిరుపతి వెళ్లొచ్చామని చెప్పేవాళ్లలో చాలామంది నిజానికి తిరుపతి చూసి ఉండరు. రైలు దిగుతారు, బస్సెక్కుతారు, కొండమీదికి పోతారు. గుండు, దర్శనం, లడ్డూ... మళ్లీ రైలు. స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఏడంతస్తుల గోపురం కనిపిస్తే, 'గోవిందరాజస్వామి గుడి' అనుకుని ఉన్నచోటు నుంచే ఓ దణ్ణం పెట్టేస్తారు. అసలు ఊరు ఆ గోపురం నీడలోనే ఉంది.

ఆ గుళ్లో స్వామి పడుకుని ఉంటాడు. ఎందుకంటే ఊళ్లో ఎవరైనా కథ చెబుతారు. వెంకన్న పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. ఆ బాకీ లెక్క చూసే పని అన్నగారు గోవిందరాజుల మీద పడింది. డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని నడుం వాల్చాడట. చుట్టూ దుకాణాలే ఉన్న వీధుల మధ్య కొలువుండడానికి ఇంతకంటే తగిన దేవుడు దొరుకుతాడా!

ఈ ఊరికి పుట్టినరోజు కూడా ఉంది. రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ వీధులు తీర్చింది 1130 ఫిబ్రవరి 24న అని చెబుతారు. 2022 నుంచి ఏటా ఆ రోజున వేడుక చేస్తున్నారు. అంతకుముందు ఇక్కడ మనుషులే లేరని కాదు. ఆ గుళ్లోనే ఉన్న పార్థసారథిస్వామి గోవిందరాజుల కంటే ముందువాడని అంటారు. ఆకాశాన్నంటే ఆ పెద్ద గోపురం మాత్రం చాలా తర్వాతిది. పదిహేడో శతాబ్దంలో మట్లి అనంతరాజు కట్టించాడు.

గుడి నాలుగు వైపులా మాడవీధులు. వాటినుంచి చీలిన వీధుల పేర్లు వింటే చాలు, ఎవరెక్కడ కాపురం ఉన్నారో తెలుస్తుంది. కర్ణాల వీధిలో లెక్కలు రాసేవాళ్లు, బేరి వీధిలో వర్తకులు. తీర్థకట్ట వీధి పేరులోనే కోనేటి గట్టుంది. బండ్ల వీధి అనగానే ఎద్దుల మెడలో గంటల చప్పుడు వినిపిస్తుంది. కోటకొమ్మల వీధి పేరు పలుకుతూ, ఇక్కడ కోటెక్కడుందని వెతుక్కునే కొత్తవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1843లో ఈస్టిండియా కంపెనీ ఆలయాల పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతుల చేతిలో పెట్టింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా తొంభై ఏళ్లు కొండమీది వ్యవహారాలన్నీ వాళ్లే నడిపారు. ఆ మధ్యలోనే, 1886లో మునిసిపాలిటీ ఏర్పడింది. 1891లో విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా మీటరుగేజి రైలు ఊళ్లోకి వచ్చింది. బండ్లలో దినాల తరబడి వచ్చే యాత్రికుడు ఒక్కపూటలో గుడిముందు దిగడం మొదలైంది.

దిగినవాడు వెంటనే కొండెక్కేవాడు కాదు. అలిపిరి మెట్లదారి నడవాలంటే ముందురోజు ఊళ్లో ఆగాలి, దిగొచ్చాక మళ్లీ ఒకపూట నడుం వాల్చాలి. అందుకే సత్రాలు. అవి నిండితే ఇళ్ల అరుగులు. పాత తిరుపతి ఇళ్లకు వీధివైపు ఆ అరుగులు ఊరికే కట్టలేదు. ముక్కూ మొహం తెలియని కుటుంబానికి చాపా, చెంబుడు నీళ్లూ ఇవ్వడం ఇక్కడివాళ్లకు అటు పుణ్యం, ఇటు నాలుగు రాళ్ల ఆదాయం. రెంటికీ తేడా చెప్పమంటే వాళ్లకూ కష్టమే.

1944 ఏప్రిల్‌లో ఘాట్ రోడ్డు తెరిచారు. మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ వచ్చి ప్రారంభించాడు. ఇక యాత్రికుడికి అరుగుతో పని తగ్గుతూ వచ్చింది. స్టేషన్ నుంచి నేరుగా బస్సు. ఊరు దాటి విశ్వవిద్యాలయం, కాలనీలు, నాలుగు వరుసల రోడ్లు... 2007లో తిరుపతి నగరపాలక సంస్థ అయింది. 2023లో శ్రీనివాస సేతు మొదలయ్యాక బస్సులు ఊరిమీదుగా ఎగిరిపోతున్నట్టే ఉంది.

అయితే కథలో గోవిందరాజులొక్కడే కాదు, ఆయనకొక చెల్లెలుంది. తాతయ్యగుంట గంగమ్మ. ఆడపిల్లల జోలికొచ్చిన పాలెగాడిని వెతుకుతూ ఆమె రోజుకో వేషం కట్టిందని కథ. ఎండలు మండే మే నెలలో వారం రోజుల జాతర. అవిలాల నుంచి పుట్టింటి పసుపు కుంకుమలు వస్తాయి. దేవస్థానం నుంచి అన్నగారి సారె వస్తుంది. చాటింపు అయిన మర్నాటి నుంచి ఒంటినిండా తెల్లటి నామంకొమ్ము పూసుకుని బైరాగి, కుంకుమ పూసుకుని బండ, బొగ్గు పూసుకుని తోటి. బండ వేషంలో ఉన్నవాడు వినరాని బూతులు తిడతాడు. తిట్టించుకున్నవాడు నవ్వుతూ సాగిపోతాడు. ఆ తర్వాత దొర, మాతంగి, సున్నపుకుండలు, పేరంటాలు. దొర వేషంలోనే పాలెగాడి తల తెగుతుంది. జాతర రోజు మీసాలున్న మగాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని గుడికి బారులు తీరతారు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఏళ్ల తరబడి ఈ జాతర చూసి 2013లో ఒక పుస్తకమే అచ్చువేశారు.

అసలు సంగతి ఇక్కడుంది. కొండమీది దేవుణ్ని చూడాలంటే మనం వరసలో నిలబడాలి. గంగమ్మ అలా కాదు, ఆమే మన గుమ్మంలోకి వస్తుంది. వంశపారంపర్యంగా వేషం కట్టే కైకాల వాళ్లు వీధివీధీ తిరుగుతారు. ఇంటి ఆడవాళ్లు వాకిలి కడిగి, ముగ్గేసి, హారతి పళ్లెంతో ఎదురుచూస్తారు.

మరి ఆ ఇల్లు లాడ్జి అయిపోతే?

పాత ఇళ్లు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. అన్నదమ్ములు పంచుకుంటే గది వెడల్పు కూడా మిగలని జాగాలో నాలుగంతస్తులు లేస్తున్నాయి. కింద రాగి, ఇత్తడి సామాన్లు, ఫొటోలు, చెక్కబొమ్మలు. పైన అద్దె గదులు. వీధి వెడల్పు మాత్రం ఎద్దుబండి నాటిదే. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి గుడి పక్కన ఒక ఫొటోఫ్రేముల దుకాణంలో అగ్గి రాజుకుని పక్క కట్టడాలకు పాకింది. కలపా అద్దాలూ పేర్చుకున్న ఇరుకు వీధిలో నిప్పు పుడితే ఎంత పనవుతుందో ఊరంతా ఆరోజు చూసింది. ఆ భయం ఆ నెలలోనే చల్లారిపోయింది, దుకాణాల వరస కదల్లేదు. దుకాణదారుణ్ని ఏమనగలం? అతని బువ్వ ఆ గోపురం ముందే ఉంది.

లాడ్జి కౌంటరులోని కుర్రాడు హారతి పట్టడని కాదు. పక్క జిల్లానుంచి వచ్చినవాడైనా గంగమ్మంటే చేతులెత్తేస్తాడు. కానీ వచ్చిన అమ్మకు ఏ చీర పెట్టాలో, పోయినేడు ఎవరికి మొక్కు తీరిందో, ఈసారి ఏ పిల్లాడికి బైరాగి వేషం వేయించాలో అతనికెలా తెలుస్తుంది? అది పక్కింటి పెద్దావిడకు తెలుసు. ఆవిడేమో ఎం.ఆర్.పల్లి అవతల కొడుకు కట్టిన ఇంటికి వెళ్లిపోయింది.

అయినా జాతరకు వస్తుంది. కొర్లగుంట నుంచి, జీవకోన నుంచి, చెన్నై, బెంగళూరు నుంచి కూడా వస్తారు. అమ్మిన ఇంటిముందు ఆగి, ఇక్కడే మన బావి ఉండేదిరా అని మనవడికి చూపిస్తారు. రాత్రంతా గుడి దగ్గరే కూర్చుంటారు. తెల్లవారుజామున గుడిముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపానికి చెంప తెగుతుంది. ఆ మట్టి చిటికెడైనా చేతికందాలని ఒకటే తొక్కిసలాట. అందినవాళ్లు దాన్ని కాగితంలో పొట్లం కట్టి, కొంగున ముడేసుకుని, కొడుకు స్కూటరు వెనక కూర్చుని కాలనీకి బయల్దేరతారు.