షార్ట్ ఫిల్మ్ విజిటింగ్ కార్డు కాదు

‘వనజ’ అనే తెలుగు సినిమా ఎంతమందికి గుర్తుంది? అందులో తెలిసిన మొహం ఒక్కటీ లేదు, డ్యూయెట్టు లేదు, ఫైటు లేదు. కోస్తాలో ఒక పల్లె. చేపలు పట్టి బతుకీడ్చే తండ్రి, పదిహేనేళ్ల కూతురు. ఆ పిల్ల దొరసాని ఇంట్లో పనికి కుదిరి, ఆవిడ దగ్గరే కూచిపూడి నేర్చుకుంటుంది. అంతలో ఆవిడ కొడుకు అమెరికా నుంచి దిగుతాడు. ఆ తర్వాత కులం, డబ్బు ఆ ఇంట్లో ఎవరి పక్షాన నిలబడ్డాయన్నదే కథ. 2006లో టొరంటో చిత్రోత్సవంలో వేశారు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో తొలి చిత్రాలకిచ్చే బహుమతి వచ్చింది. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. మన దగ్గర మాత్రం వచ్చినట్టూ తెలియదు, వెళ్లినట్టూ తెలియదు.

ఆ సినిమాను ఇప్పుడు తలచుకోవడానికి కారణం వేరే ఉంది. అది ఒక విద్యార్థి చదువులో భాగంగా తీసిన సినిమా. దర్శకుడు రజనేష్ దోమలపల్లి ఐఐటీలో చదివి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి, ఆ తర్వాత కొలంబియా యూనివర్సిటీలో సినిమా కోర్సులో చేరారు. క్లాసులో ఇచ్చిన పని కోసం రాసుకున్న స్క్రిప్టే పెరిగి పెద్దదై ఎం.ఎఫ్.ఏ. థీసిస్ అయింది. నటులంతా కెమెరా ముందుకు మొదటిసారి వచ్చినవాళ్లు. వనజగా వేసిన మమతా భూక్య ఆ పాత్ర కోసమే ఏడాదిపాటు కూచిపూడి నేర్చుకుంది. న్యూయార్క్‌లో ఉన్నవాడు న్యూయార్క్‌లోనే ఏదో ఒక ప్రేమకథ తీసి మార్కులు వేయించుకుని ఉండొచ్చు. అది వదిలేసి కోస్తా పల్లెకు వచ్చాడు. ఎవరి మెప్పు కోసమూ కాక, తనకు కావలసిన సినిమా తీసుకునే వీలు ఒక్క విద్యార్థికే ఉంటుంది. ఆ వీలును ఆయన వాడుకున్నారు.

మన పిల్లలు ఆ వీలును ఏం చేసుకుంటున్నారన్నదే నా బాధ.

పదిహేనేళ్లుగా తెలుగునాట షార్ట్ ఫిల్ములు కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. యూట్యూబ్ పుణ్యమా అని ఒక తలుపు తెరుచుకుంది. సుజీత్, తరుణ్ భాస్కర్, సందీప్ రాజ్ ఆ తలుపులోంచే వచ్చారు, రాజ్ తరుణ్ హీరో అయిందీ ఆ దారినే. అంతకుముందు దర్శకుడు కావాలంటే కృష్ణానగర్‌లో గది తీసుకుని, ఎవరి దగ్గరో క్లాప్ కొడుతూ పదేళ్లు గడపాలి, లేదా ఇండస్ట్రీలో మేనమామ ఉండాలి. ఆ కట్టడి కొంతైనా సడలింది. దాన్ని చిన్నచూపు చూడను. కానీ దాని వెనకే ఒక జబ్బు కూడా వచ్చింది. షార్ట్ ఫిల్మ్ అంటే నిర్మాత చేతిలో పెట్టే విజిటింగ్ కార్డు అని స్థిరపడిపోయింది.

ఈమధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో షార్ట్ ఫిల్ముల పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకడిగా కూర్చున్నాను. వరసపెట్టి చూస్తుంటే ఏది ఎవరిదో గుర్తుపట్టలేనంతగా ఒకే అచ్చు. మొదట డ్రోన్ షాట్: కాలేజీ, చెట్లు, మలుపు తిరిగే రోడ్డు. దాని మీద బ్యానర్ పేరు, ‘సమర్పించు’, ‘ఎ ఫిల్మ్ బై’. తర్వాత హీరో నడక, స్లో మోషన్‌లో. పక్కన జోకులేసే స్నేహితుడు. చెవులు చిల్లులుపడే బ్యాక్‌గ్రౌండ్ స్కోర్. ఒకదాంట్లో అయితే తొమ్మిది నిమిషాలు అమ్మాయి వెంటపడి ఏడిపించి, పదో నిమిషంలో ‘స్త్రీని గౌరవిద్దాం’ అని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వేశారు. హాలంతా చప్పట్లు. తీసినవాళ్లు తెలివితక్కువ పిల్లలేం కాదు. ఎడిటింగ్ శుభ్రంగా ఉంది, కలర్ గ్రేడింగ్ నేను కుర్రాడిగా ఉన్నప్పుడు పెద్ద బడ్జెట్ సినిమాలకు కూడా లేనంత బాగుంది. లేనిదల్లా వాళ్లు. ఆ కుర్రాడిది ఏ ఊరో, ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో, హాస్టల్ మెస్‌లో గురువారం ఏం వండుతారో ఒక్క ఫ్రేములోనూ తెలియలేదు.

మధ్యలో ఒక అమ్మాయి తీసిన ఏడు నిమిషాల సినిమా వచ్చింది. వాళ్లమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. సినిమా అంతా ఆ ముందుగదిలోనే. అమ్మ నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి గుమ్మం దగ్గర నిలబడ్డావిడ ఏమడిగినా ‘ఊఁ’, ‘ఊహూఁ’ తప్ప జవాబు లేదు. గుమ్మం దగ్గరావిడ మనకు కనిపించదు, గొంతే వినిపిస్తుంది. చేతులు బిగుతయ్యాయంటుంది, పోయినసారి ఇంత తీసుకోలేదంటుంది, పెళ్లి ఎల్లుండే అంటుంది. ఆ మాటలు నడుస్తున్నంతసేపూ మిషను ఆగదు. డబ్బులు తర్వాతిస్తానన్న మాటకు మాత్రం ఠక్కున ఆగుతుంది. అంతే. అప్పుడు అమ్మ మొహం కూడా చూపించలేదు, చక్రం మీద ఆగిన చెయ్యి చూపించింది. మళ్లీ మిషను మొదలవుతుంది.

తర్వాత ఆ పిల్లను పిలిచి అడిగాను, ఆ సౌండ్ ఎలా పట్టావమ్మా అని. షూటింగ్ నాన్న ఫోన్‌తో, సౌండ్ తన ఫోన్‌తో. మొదట ఫోన్‌ను మిషను సొరుగులో పెట్టిందట, తొక్కుడు చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. తర్వాత గుమ్మం పక్కన క్యాలెండర్ మేకుకు గుడ్డసంచీలో వేసి వేలాడదీసింది. అప్పుడు గుమ్మం దగ్గర గొంతు దగ్గరగా, మిషను కొంచెం దూరంగా వచ్చాయి. ‘ఆంటీ మాట పెద్దగా వినబడాలి కదండీ, అమ్మకి అదే కదా వినపడేది’ అంది. సినిమా స్కూళ్లలో సెమిస్టరంతా చెప్పే పాఠం అది. ధ్వని ఎవరి చెవిలోంచి వినాలో నిర్ణయించుకోవడం.

జ్యూరీలో పక్కాయన ‘ఇందులో కథేదండీ?’ అన్నారు. ఆ సినిమాకు కన్సొలేషన్ బహుమతి వచ్చింది. మొదటి బహుమతి డ్రోన్‌కి వెళ్లింది.

మన పిల్లల సినిమాల్లో కంటికున్న శ్రద్ధ చెవికి లేకపోవడానికి కారణం వాళ్లొక్కరే కాదు. తెలుగు సినిమా దశాబ్దాలుగా డబ్బింగ్ మీద బతికింది. సెట్లో ఏ శబ్దం వచ్చినా పర్లేదు, తర్వాత డబ్బింగ్ థియేటర్లో గొంతులు పెట్టుకుంటాం, అడుగుల చప్పుడు కూడా వేరే మనిషి నడిచి ఇస్తాడు. హీరోయిన్ గొంతు ఆవిడది కాకపోవడం మనకు వింతగా కూడా తోచదు. అలాంటి సినిమాలు చూస్తూ పెరిగిన కుర్రాడికి ఒక గదికి దాని సొంత నిశ్శబ్దం ఉంటుందని ఎవరు చెబుతారు? ఫ్యాను తిరిగే గది వేరు, కరెంటు పోయిన గది వేరు. కాలర్ మైకు వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. గింబల్‌కు అంతకు పదింతలు పోసి కొంటారు కానీ, మైకు మాత్రం షూటింగ్ రోజు పొద్దున ఎవరినో అడిగి తెచ్చుకుంటారు.

వసతులు తక్కువైతే మంచి సినిమా రాదనుకునేవాళ్లకు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి ఒకరి సంగతి చెప్పాలి. చిదానంద నాయక్ మైసూరు వైపు కుర్రాడు, చదివింది వైద్యం. డాక్టరు పని వదిలి అక్కడ టెలివిజన్ విభాగంలో ఏడాది కోర్సులో చేరాడు. కోర్సు చివర ఒక సినిమా తీయాలి. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, సౌండ్ విభాగాల నుంచి ఒక్కొక్కరు, మొత్తం నలుగురు విద్యార్థులు. నాలుగు రోజుల షూటింగ్. క్యాంపస్‌కు యాభై కిలోమీటర్లు దాటి పోకూడదు. అతను తీసుకున్నది చిన్నప్పుడు విన్న కన్నడ జానపద కథ: ఒక ముసలమ్మ ఊళ్లో కోడిపుంజును ఎత్తుకుపోతుంది, ఇక తెల్లవారదు. సూర్యుడు రావడం మానేస్తాడు కాబట్టి సినిమా అంతా రాత్రే. పదహారు నిమిషాలు. 2024లో కాన్ చిత్రోత్సవంలో విద్యార్థుల విభాగానికి 555 సినిమా స్కూళ్ల నుంచి 2,263 చిత్రాలు వస్తే 18 ఎంపికయ్యాయి. వాటిలో మొదటి బహుమతి ఈ ముసలమ్మకు వచ్చింది.

కథకు రాత్రి కావాలి, నాలుగు రోజుల్లో అంతా రాత్రే తీయాలంటే ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆ కట్టుబాట్లు లేకపోతే అతను ఇంకా మంచి సినిమా తీసేవాడని నేననుకోను. చిన్నప్పుడు విన్న కథలు మనకూ ఉన్నాయి. మన ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లాడు లేడు. చేప ఎందుకు ఎండలేదని అడుగుతూ గడ్డిమేటు దాకా, ఆవు దాకా, చీమ దాకా వెళ్లే ఆ ప్రశ్నల వరసలో ఎంత సినిమా ఉంది! ఇన్ని పోటీల్లో ఒక్కరూ దాని జోలికి వెళ్లినట్టు నేను చూడలేదు. సైకో థ్రిల్లర్లు మాత్రం లెక్కలేనన్ని చూశాను.

అదే కాన్‌లో, అదే ఏడాది, అదే సంస్థలో చదివిన పాయల్ కపాడియా సినిమా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ రెండో అత్యున్నత బహుమతి గ్రాండ్ ప్రీ తెచ్చుకుంది. ప్రధాన పోటీలో భారతీయ సినిమా నిలవడమే ముప్ఫయ్యేళ్ల తర్వాత. అది అందరికీ తెలుసు. ఆమె విద్యార్థిగా ఉన్నప్పుడు తీసిన పదమూడు నిమిషాల ‘ఆఫ్టర్‌నూన్ క్లౌడ్స్’ సంగతి తక్కువమందికి తెలుసు. 2017లో అది కూడా కాన్‌కు వెళ్లింది. ఒక ఇంట్లో అరవయ్యేళ్ల విధవరాలు, నేపాల్ నుంచి వచ్చిన పనమ్మాయి, ఒక మధ్యాహ్నం. అంతకు మించి ఏం లేదు. ఏడేళ్ల తర్వాత తీసిన పెద్ద సినిమాలోనూ సొంతూరికి దూరంగా, ఒకే కప్పు కింద మసలే ఆడవాళ్లే. విద్యార్థిగా ఏ సంగతి మీద మనసు పడ్డదో, అదే ఆమెను అంతదూరం తీసుకెళ్లింది.

‘ఉపన్యాసం బాగుంది సార్, మరి అన్నం ఎవరు పెడతారు?’ అని ఒక కుర్రాడు ఆ ఫెస్ట్ రోజునే నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్న. అప్పు చేసి షార్ట్ ఫిల్మ్ తీసినవాడికి అవకాశం రావాలనుకోవడం తప్పెలా అవుతుంది? కానీ లెక్క చూసుకున్నా డ్రోన్ షాట్ అన్నం పెట్టదు. నిర్మాతల ఆఫీసుల్లో రోజూ చూసేవి అవే. తరుణ్ భాస్కర్ ‘పెళ్లిచూపులు’కు సంభాషణల విభాగంలో జాతీయ అవార్డు వచ్చిందంటే అది హైదరాబాద్ కుర్రాళ్లు ఎలా మాట్లాడుకుంటారో విని రాసినందుకు. సందీప్ రాజ్ ‘కలర్ ఫొటో’ ఉత్తమ తెలుగు చిత్రమైంది, దాని ఊరు మచిలీపట్నం. వీళ్లను నిలబెట్టింది తమ చెవిన పడిన మాట, తమకు తెలిసిన ఊరు. కార్డు పంచుకుని వచ్చినవాళ్లు ఎందరో ఒక్క సినిమాతో ఆగిపోయారు. పేర్లు వద్దు.

ఇక తీసిన సినిమాలను చూపించే చోటు. హైదరాబాద్‌లో రెండేళ్లకోసారి నవంబరులో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం జరిగేది, గోల్డెన్ ఎలిఫెంట్ అనేవాళ్లం. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి ఇరాన్ సినిమా, చైనా సినిమా చూసి వెళ్లేవాళ్లు. పిల్లలే తీసిన సినిమాలకు ‘లిటిల్ డైరెక్టర్స్’ అని ఒక పోటీ కూడా ఉండేది. 2017లో ఇరవయ్యో ఉత్సవం జరిగింది, ఆ తర్వాత మళ్లీ జరగలేదు. దాన్ని నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.)లో కలిపేశారు. మన రెండు ప్రభుత్వాలూ సినిమా టికెట్ల ధరల మీద పెట్టే శ్రద్ధలో పిసరంత ఇటు పెట్టినా ఆ పండుగను నిలబెట్టుకునేవాళ్లం.

కాలేజీలు చేయగలిగింది అంతకన్నా సులువు. మీ పిల్లలు తీసినవన్నీ ఒక హార్డ్ డిస్కులో దాచండి. ఇప్పుడు జరుగుతున్నదేమంటే, కుర్రాడు బయటికెళ్లిన ఏడాదికి ల్యాప్‌టాప్ మారుతుంది, సినిమా పోతుంది. జిల్లా గ్రంథాలయాల్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయి. నెలకోసారి ఒక సాయంత్రం వేసి, తీసిన పిల్లను ముందు నిలబెట్టి ఊళ్లోవాళ్లతో ప్రశ్నలడిగించండి. పోటీ పెడితే సౌండ్‌కు విడిగా ఒక బహుమతి పెట్టండి. నన్ను మళ్లీ పిలిస్తే బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ లేని సినిమాలకే మార్కులేస్తానని ముందే చెబుతున్నాను. పిలవరనుకోండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్లో పిల్లాడో ఫోన్ పట్టుకుని వంటింట్లో మీ చుట్టూ తిరుగుతుంటే ‘చదువుకోరా’ అని తరమకండి. మిమ్మల్ని తీయాలనుకోవడమే పెద్ద సంగతి. మీరు చీర మార్చుకోనక్కర్లేదు, కెమెరా వైపు చూడనక్కర్లేదు. షాట్ అయ్యేదాకా మిక్సీ ఆపితే చాలు. పచ్చడి గురించే షాట్ అయితే అదీ ఆపొద్దు.