గెజిట్ ఏది, నోట్ ఫైల్ ఏది?

ప్రభుత్వం నోట్ ఫైళ్లలో ఏం రాసుకున్నా, పౌరుడు చూసుకోవాల్సింది గెజిట్‌నే. రాజనీతి శాస్త్రం చదువుకున్న నాకు లినక్స్ హెడర్ ఫైళ్ల తగవు ఈ పోలికతోనే బోధపడింది.

కంప్యూటర్‌లో కెర్నల్ సర్కారు లాంటిది. డిస్కు, మెమరీ దాని అధీనంలోనే ఉంటాయి. మామూలు ప్రోగ్రాములు సాధారణంగా గ్లిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీ ద్వారా దానికి అర్జీ పెట్టుకుంటాయి. ఏ పనికి ఏ నంబరో హెడర్లు చెబుతాయి. 64 బిట్ ఇంటెల్ యంత్రాల్లో చదవడానికి 0, రాయడానికి 1, ఫైలు తెరవడానికి 2.

చిక్కేమిటంటే, చాలాకాలం గెజిట్, నోట్ ఫైళ్లు ఒకే కట్టలో ఉండేవి. కొత్త కెర్నల్ దించుకున్నవారు సిస్టమ్ హెడర్ల స్థానంలో దాని సోర్సుకు లింకు పెట్టేసేవారు. లైబ్రరీ తయారైంది ఒక పాఠంతో, తర్వాతి ప్రోగ్రాములు చదివేది మరో పాఠం. అలా చేయొద్దని, గ్లిబ్‌సీ ఏ హెడర్లతో తయారైందో వాటినే ఉంచుకోమని లినస్ టోర్వాల్డ్స్ 2000లోనే చెప్పారు. సలహా బాగానే ఉంది, మరి శుద్ధప్రతి ఎక్కడ? 2003 డిసెంబరులో 2.6 కెర్నల్ వచ్చాక ఓ స్వచ్ఛంద ప్రాజెక్టు హెడర్లను శుభ్రం చేసి పంచింది. 2.6.12 దాకా నెట్టుకొచ్చి ఆగిపోయింది. గెజిట్ అచ్చువేసే పని వలంటీర్ల ఓపికకు వదిలేశారన్నమాట! చివరికి 2006 సెప్టెంబరులో 2.6.18 కెర్నలే బయటికివ్వదగ్గ హెడర్లను వడకట్టే ఆదేశాన్ని చేర్చింది. 2012 డిసెంబరులో 3.7 వాటికి ప్రత్యేక డైరెక్టరీలు కేటాయించింది.

డ్రైవర్లు కంపైల్ చేసేవారి సంగతి వేరు. వారు సర్కారు లోపలి మనుషులు, నడుస్తున్న కెర్నల్ నోట్ ఫైళ్లే వారికి కావాలి. డెబియన్‌లో ఈ రెండూ వేర్వేరు ప్యాకేజీలు. ఒకదానికి బదులు మరొకటి తెచ్చుకుని తలపట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

లైబ్రరీకి మాత్రం హెడర్లు, నడిచే కెర్నల్ ఒకే వెర్షన్ కానక్కర్లేదు. కొత్త సేవ లేకపోతే గ్లిబ్‌సీ వీలైనచోట పాత దారి పడుతుంది. కంపైల్ చేసేటప్పుడు కనీస కెర్నల్ వెర్షన్‌ను పెంచితే ఆ దారులు మూసుకుపోతాయి. అలాంటి లైబ్రరీని పాత కెర్నల్‌పై పెడితే ‘కెర్నల్ మరీ పాతది’ అంటూ మొరాయించేది. ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్’ కూడా పనిచేసేది కాదు. ఇటీవలి గ్లిబ్‌సీలో ఆ తనిఖీ తీసేశారు. ఇప్పుడు లేని సేవ కోసం అడిగినప్పుడు, పని మధ్యలో దెబ్బ తగులుతుంది. గుమ్మంలోనే ఆపే పాత పద్ధతే నయమని నాకనిపిస్తుంది.