అలుగుకు చట్టం అండ.. మారెడుకేదీ రక్ష?

కోవూరు: కోవూరు పొలాలకు నీరందించే పెన్నా నది సోమశిల వద్ద వెలిగొండలను దాటి మైదానంలోకి అడుగుపెడుతుంది. ఆ కొండలు భాగమైన తూర్పు కనుమల్లో రెండు అరుదైన జీవజాతులు మనుగడ కోసం పోరాడుతున్నాయి. ఒకటి ఒళ్లంతా పొలుసులుండే అలుగు, రెండోది సువాసన వేర్ల మారెడు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య రెండింటినీ అంతరించే ముప్పున్న జాతులుగానే గుర్తించింది. చట్టం మాత్రం రెండింటినీ ఒకే తీరుగా చూడడం లేదు.

తవ్వకమే శాపం

అలుగు పగలంతా బొరియలో ఉండి, రాత్రివేళ చీమలు, చెదపురుగులు తిని బతుకుతుంది. ప్రమాదం ఎదురైతే బంతిలా చుట్టుకుంటుంది. క్రూరమృగాల నుంచి కాపాడే ఈ ఉపాయమే వేటగాడికి దాన్ని సులువుగా పట్టిస్తోంది. పొలుసుల్లో ఉండేది మన గోళ్లలోని కెరాటినే. అయినా ఔషధ గుణాలున్నాయన్న నమ్మకంతో చైనా, వియత్నాం మార్కెట్లకు దొంగచాటుగా తరలిస్తున్నారు. కాన్పుకు సాధారణంగా ఒక్క పిల్లే కావడంతో తరిగిన సంతతి త్వరగా కోలుకోదు.

మారెడు రాతినేలల్లో పెరిగి, చిన్న పూలు పూసే తీగపొద. దీని గడ్డలను పచ్చళ్లలో, వేసవి షర్బత్‌లలో వాడతారు. గడ్డల కోసం మొక్కను సమూలంగా పెకలిస్తే విత్తనం నేల రాలే అవకాశమే ఉండదు.

చట్టంలో తేడా

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో అలుగు ఉంది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష. 2022 సవరణతో కనీస జరిమానా రూ.25 వేలకు పెరిగింది. అలుగుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధిస్తూ 2016లో జొహన్నెస్‌బర్గ్ సదస్సు తీర్మానించింది. మొక్కల విషయానికొస్తే, 1991 సవరణలో ఆ చట్టం పరిధిలోకి వచ్చినవి ఆరే. వాటిలో మారెడు లేదు.

అలాగని నిషేధం ఒక్కటే మార్గం కాదు. వేర్లు, గడ్డలు సేకరించుకొనే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు కల్పించింది. యానాదులు అధికంగా ఉన్న నెల్లూరు జిల్లాలో ఆ జీవనోపాధిని కాదనలేం.

సాగే పరిష్కారం

అలుగును పెంచి అమ్మడం సాధ్యం కాదు, చట్టమూ ఒప్పుకోదు. మారెడుకు ఆ చిక్కు లేదు. కణజాల వర్ధనంతో మొక్కలు పెంచే పద్ధతులపై మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కృషి చేశారు. నర్సరీల్లో నారు పెంచి గిరిజన కుటుంబాలకు అందించడం, అడవిలో కొన్ని వేర్లు వదిలి తవ్వే పద్ధతిలో శిక్షణ ఇవ్వడం, సాగుచేసిన గడ్డకు గిట్టుబాటు ధర కల్పించడం ఇప్పుడు చేయాల్సిన పనులు. అలుగుకు నిఘా ఎంత అవసరమో, మారెడుకు సాగు అంత అవసరం.