గోలీలు తేల్చే తగాదా

చలనంలో ఉన్న వస్తువుకు ద్రవ్యవేగం ఉంటుంది, గతిజశక్తీ ఉంటుంది. బడిలో రెండు సూత్రాలూ బట్టీ పట్టిస్తాం. ఒకే చలనానికి రెండు కొలతలెందుకో మాత్రం సూత్రం చెప్పదు, ఇంట్లోని గోలీలు చెబుతాయి. రెండు స్కేళ్లను కాస్త ఎడంగా బల్లకు అతికించి, ఆ సందులో ఒకే సైజు గోలీలు అయిదు ఆనించి పెట్టాలి. ఇటునుంచి ఒక గోలీని దొర్లిస్తే అటు చివర ఒక్కటే విడివడి పోతుంది. రెండిటిని జంటగా దొర్లిస్తే రెండు పోతాయి. రెండిటి బదులు ఒక్కటే రెట్టింపు వేగంతో పోవచ్చు కదా? ద్రవ్యవేగం లెక్కకు అదీ సరిపోతుంది. గతిజశక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అలా పోవాలంటే వచ్చిన శక్తికి రెట్టింపు కావాలి. అంత శక్తి అక్కడ లేదు. ఒక లెక్క ఒప్పుకున్నదాన్ని రెండోది కొట్టేసింది.

ఈ తేడా పెద్ద పండితులకే సులువుగా తెగలేదు. చలనానికి కొలత ద్రవ్యరాశి, వేగాల లబ్ధమని దెకార్త్ అనుయాయులు పట్టుబట్టారు. వేగం వర్గాన్ని లెక్కించాలని లైబ్నిజ్ 1686లో వాదించాడు. 1720లలో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండే ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టి మీద వదిలి చూశాడు. వేగం రెట్టింపైతే గుంట నాలుగింతలైంది. ప్రయోగం లేకుండా వాళ్లకే తేలనిది పిల్లలకు సూత్రంతోనే తేలిపోవాలనడం అన్యాయం.

గోలీలు లెక్క ప్రకారం నడవవన్నది ఒక అభ్యంతరం. నిజమే. ఢీకొట్టిన గోలీలో తిరుగుడు మిగిలి కాస్త ముందుకు దొర్లుతుంది, కొంత శక్తి చప్పుడుగా, వేడిగా పోతుంది. అయితే ఆ లోటే మరో పాఠం. ఆగి ఉన్న తడిమట్టి ఉండను అంతే బరువున్న మరో ఉండ ఢీకొని అతుక్కుంటే, ఆ క్షణాన ద్రవ్యవేగం అంతే ఉంటుంది, గతిజశక్తిలో సగం మాత్రం వేడిగా, మట్టి నలుగుడుగా మారిపోతుంది. అయిదు గోలీల కథను ఈ రెండు నియమాలే పూర్తిగా తేల్చలేవనీ అనవచ్చు. అదీ నిజమే, తాకిడి ఒక గోలీ నుంచి మరోదానికి ఎలా సాగుతుందో కూడా చూడాలి. కానీ ఏది జరగదో చెప్పడానికి ఈ రెండూ చాలు.

సిలబస్‌కే సమయం లేదన్నది ఇంకో మాట. ఈ ప్రయోగానికి పావుగంట చాలు. గోలీ వదిలే ముందు ఏమవుతుందో పిల్లలచేత కాగితం మీద రాయించాలి, తప్పు ఊహకు కారణం వాళ్లచేతే వెతికించాలి. బండి వేగం రెట్టింపైతే, అదే బ్రేకుతో ఆగడానికి నాలుగింతల దూరం ఎందుకు కావాలో రేపు రోడ్డెక్కే ఆ పిల్లలకు తెలియాలి. ఆ ఎరుకకు పావుగంట ఖర్చు ఎక్కువేమీ కాదు.